తువ్వాలు కింద ఇరవై ఆరు

అప్పు చేసి జర్నలిజం చదవొచ్చా అని అడగడానికి ఈ మధ్య మా ఇంటికి పిల్లలు వస్తున్నారు. ఇప్పుడు దాన్ని మాస్ కమ్యూనికేషన్ అంటున్నారు. పేరు పొడుగయ్యేకొద్దీ ఫీజు కూడా పొడుగవుతుందని మా అంగళ్ళ వాళ్ళ లెక్క. పిల్లలు కాగితానికి నడుమ గీత గీసి, ఒక పక్క బ్యాంకు వాయిదా, ఇంకో పక్క రాబోయే జీతం రాసుకొని, "గిట్టుబాటు అవుతుందా, మీరే చెప్పండి" అంటారు. నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. నా లెక్క చెబుతాను. విన్నాక కొందరు మళ్ళీ రారు. వాళ్ళు తెలివైనవాళ్ళు.

మాది అనంతపురం పాతవూరు. పెదనాయనది బట్టల అంగడి, చిన్నాయనది బెల్లం అంగడి. మా నాయన వేరుశనగ మండీలో దళారి. బేరం మా ఇంట్లో ఉగ్గుపాలతో పోసేవారు. పెళ్ళిచూపులకు పోయినా, పురోహితుడితో మాట్లాడినా, మొదట చెప్పిన మాటకు ఒప్పుకుంటే ఇంటికి వచ్చాక తిట్లు తినాల్సిందే. అలాంటి ఇంట్లోంచి బి.ఏ. ప్యాసై, పత్రికలో పేరు చూసుకోవాలన్న పిచ్చితో, యాభైల చివర్లో మద్రాసులో ఏడాది జర్నలిజం డిప్లొమాకు సీటు సంపాదించాను.

ఫీజు, హాస్టలు, పుస్తకాలు, బట్టలు అన్నీ కలిపితే పదిహేను వందలు తేలింది. నాయన దగ్గర అంత లేదు. ఆయన పనిచేసే మండీ యజమాని ఇస్తానన్నాడు. ఆయన మాకు చుట్టం కాకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన నాయనను బావా అనేవాడు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ చెప్పాడు. నేను రెండు రోజులు ఆయన గద్దె ముందు కూర్చొని, పత్రికలవాడు ఇంట్లో ఉంటే మండీకి ఎంత గౌరవమో వివరించి, రూపాయికి దించాను. ఆ రోజు ఇంట్లో నాకు ఓళిగలు చేసి పెట్టారు.

నేను చేసిన మొదటి తప్పు ఇదే. సరుకు కొనే ధర దగ్గర అంత బేరమాడినవాణ్ణి, అమ్మితే ఎంత వస్తుందని ఎవర్నీ అడగలేదు. చింతపండు కొనేవాడు కూడా రేపటి ధర ఆలోచిస్తాడు. చదువు అంగట్లో దొరికేది కాదు కదా, దాని మీద నష్టం రాదని అనుకున్నాను.

డిప్లొమా సెకండ్ క్లాసులో వచ్చింది. ఒక తెలుగు దినపత్రిక అనంతపురం జిల్లాకు నన్ను విలేకరిగా వేసుకుంది. ఆర్డరు చేతికి రాగానే జీతం ఎంతో చూశాను. జీతం అనే మాటే అందులో లేదు. నెలకు పదిహేను రూపాయల రిటైనరు, ఆ పైన అచ్చయిన వార్తకు అంగుళానికి పన్నెండు నయా పైసలు. రాసినదానికి కాదు, అచ్చయినదానికి. వడ్డీ నెలకు సరిగ్గా పదిహేను రూపాయలు. అంటే రిటైనరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతుంది, మధ్యలో నా చేతికి తడి కూడా అంటదు. ఇక అసలు తీరాలంటే పన్నెండున్నర వేల అంగుళాలు అచ్చు కావాలి. అడుగుల్లోకి మార్చాను. వెయ్యి నలభై దాటింది. మనుషులకు అప్పు వందల్లో వేలల్లో ఉంటుంది, నా అప్పు పొడుగులో ఉంది. గడియార స్తంభం దగ్గర ఒక కొస పెట్టి పరిస్తే ఇంకో కొస మా వీధి దాకా వచ్చేలా ఉంది. నెలకు నూట ఇరవై అంగుళాలు రాసి, ఒక్క పైసా తినకుండా కడితే, తొమ్మిదేళ్ళు.

ఆ ఆర్డరు పట్టుకొని అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. నాయన వచ్చి, ఎంతంటా అని అడిగాడు. పదిహేను రూపాయల సంగతీ, తొమ్మిదేళ్ళ లెక్కా చెప్పాను.  ఆయన, వడ్డీ దుడ్లు నెలనెలా నా చేతికియ్యి, నేనే కట్టొస్తా, నువ్వు మండీ చుట్టూ తిరగొద్దు అన్నాడు. కొడుకు పరువు కాపాడుతున్నాడని సంతోషించాను. మూడేళ్ళు అలాగే ఇచ్చాను. ఒక్కసారి కూడా మండీ ఖాతా పుస్తకం చూడలేదు. బేరగాణ్ణని చెప్పుకునేవాడు చేయాల్సిన పని కాదు.

ఇక అంగుళాల వేట మొదలైంది. పెదనాయన అంగట్లోంచి బట్టలు కొలిచే టేపు తెచ్చుకున్నాను. పత్రిక రైల్లో రాగానే వార్త చదవడం కాదు, కొలవడం. మంత్రి పర్యటన అయితే గౌరవనీయులు, మహోన్నతులు, ప్రజాహృదయ విజేతలు అని ముందు పేర్చేవాణ్ణి. డెస్కులో ఒక సబ్ ఎడిటర్ ఉండేవాడు, ఆయన్ను నేను ఏనాడూ చూడలేదు. ఆయన పోస్టు కార్డులు మాత్రం ఇప్పటికీ దాచుకున్నాను. మొదటి కార్డు ఇది: "మీ జిల్లాలో గౌరవనీయులు కానివారు ఉంటే వారి వార్తలు పంపండి. ఒక్కొక్క గౌరవానికి పావు అంగుళం పోతోంది." నేను తిరిగి రాశాను, పావుకు ఒప్పుకోను, కనీసం విశేషణానికి ఒక లైనైనా ఇవ్వండని. ఆయన జవాబివ్వలేదు కానీ, ఆ వారం మంత్రిగారి పేరు ముందు "శ్రీ" అన్న ఒక్క అక్షరమే మిగిల్చాడు.

అప్పుడు వానలు ఎగ్గొట్టాయి. అరవైల మొదట్లో ఒక ఏడు విత్తనం వేశాక మబ్బు మొహం చూపలేదు. గంజి కేంద్రాలు పెట్టారు. నేను గార్లదిన్నె వైపు పోయి ఒక కేంద్రం చూసి రాశాను. ముంతలు పట్టుకొని వరసలో నిలబడ్డ ముసలివాళ్ళు, పొయ్యి కాడ పొగ, అన్నీ రాశాను. మూడో రోజు పత్రిక వస్తే ఒక్క ముక్క కోయకుండా వేశారు. టేపు పెట్టాను. పద్నాలుగు అంగుళాలు. సంతోషంతో పెదనాయన అంగట్లోకి పరుగెత్తి, పద్నాలుగు అన్నాను. ఆయన కొలుస్తున్న బట్ట పక్కన పెట్టి, "పద్నాలుగు మందా అప్పా పోయింది?" అని అడిగాడు. నేను టేపు మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చాను. కరువు పెరిగితే నా అప్పు తరుగుతోందని ఆ రోజే మొదటిసారి తెలిసింది. సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. సిగ్గు పడ్డమాట నిజమే, మరుసటి రోజు ఇంకో గంజి కేంద్రానికి పోయిన మాటా నిజమే.

ఆ సమయంలోనే హెడ్డాఫీసు వాళ్ళు మండీ ధరవరలు రోజూ పంపమన్నారు. వాన పడినా పడకపోయినా రోజూ ఒకటిన్నర అంగుళం ఖాయం. సాయంత్రం నాయన ఇంటికి రాగానే అడిగి రాసుకొని, రైలు టపాలో వేసేవాణ్ణి. వేరుశనగ బస్తా ఇంత, బెల్లం ఇంత, చింతపండు ఇంత. ఆ రోజు మండీలో పైకి పలికిన ధరే నాయన చెప్పేవాడు.

పైకి పలికిన ధర అన్నాను, ఎందుకంటే లోపల పలికేది ఒకటి ఉండేది. ఇప్పటి వాళ్ళకు ఇది చెప్పాలి. మండీలో బేరం నోటితో జరిగేది కాదు. రైతు బండి దించి బస్తాలు వరసగా పెడితే, నూనె మిల్లుల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాయ వొలిచి చూసి, దళారి చేతి మీద కప్పిన తువ్వాలు కింద చెయ్యి దూరుస్తారు. వేళ్ళు పట్టుకొని ధర చెబుతారు. ఒక వేలు పడితే ఒకటి, అయిదూ కలిపి పడితే అయిదు. ఇరవై మీద ఎంత అన్నదే వేళ్ళ లెక్క. పక్కవాడికి తెలియదు, రైతుకు అసలే తెలియదు. అందరి వేళ్ళూ అయ్యాక, ఎక్కువ ఎవరు పెట్టారో దళారి మండీ యజమాని చెవిలో చెబుతాడు. యజమాని రైతుకు ధర పైకి చెబుతాడు. ఆ రెంటికీ మధ్య బస్తాకు అర్ధ రూపాయి తేడా ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ దొంగతనం అనుకోలేదు. నెయ్యి కొలిచేటప్పుడు గరిటెకు అంటుకునేది ఎవరిదని అడుగుతామా, అలాగే.

ఆ ఏడు కాయ తక్కువ. గార్లదిన్నె పల్లెల నుంచి మునుపు వరసగా వచ్చే బండ్లు ఒకటీ అరా వస్తున్నాయి. నాయనకు కుడిచేతి చూపుడు వేలికి గోరుచుట్టు లేచింది. వేలికి నిమ్మకాయ తొడుక్కొని ఇంట్లో కూర్చున్నాడు. మండీ నుంచి కబురు వచ్చింది, ఎవరైనా చెయ్యి కావాలని. బయటివాడి చేతిని మిల్లు వాళ్ళు నమ్మరు, ఇంటి చెయ్యి కావాలి. వేళ్ళ లెక్క నాకు చిన్నప్పుడే పట్టుబడింది. నాయన నన్ను వెంటబెట్టుకొని పోయి, తన తువ్వాలు నా చేతి మీద వేసి, పక్కన నిలబడ్డాడు.

తొమ్మిది బస్తాల బండి ఒకటి వచ్చింది. బండి ఆయన నడివయసు మనిషి, ఎద్దుల డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. నలుగురు మిల్లు వాళ్ళు వేళ్ళు పెట్టారు. ముగ్గురు నాలుగు, అయిదు దగ్గర ఆగారు. నాలుగో ఆయన నా అయిదు వేళ్ళూ కలిపి ఒకసారి నొక్కి, మళ్ళీ చూపుడు వేలు ఒక్కటే పట్టుకున్నాడు. ఆరు. అంటే ఇరవై ఆరు. నేను యజమాని చెవిలో ఇరవై ఆరు అన్నాను. ఆయన తల ఊపి, రైతు వైపు తిరిగి, ఇరవై రెండు అన్నాడు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. అర్ధ రూపాయి పోతే ఇరవై అయిదున్నర కదా. రైతు, "కాయ యాడా లేదంటాండారు, ధర మాత్రం లేస్తాండ్లేదేమప్పా" అన్నాడు. యజమాని, నూనె అడిగేవాడు లేడు, ఇష్టముంటే తూకం వేస్తాం, లేకుంటే బండి తిప్పుకో అన్నాడు. పదిహేను మైళ్ళు నడిచిన ఎద్దుల్ని ఎవరు తిప్పుతారు. తూకం వేశారు. నేను నాయన వైపు చూశాను. ఆయన వేలికి ఉన్న నిమ్మకాయ సరిచేసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను. నాయన, కరువులో అందరికీ కొంచెం ఎక్కువ కావాల్సొస్తాదిలే అని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ధరవరలు రాయడానికి కూర్చున్నాను. మద్రాసులో మా మాస్టారు చూసింది రాయండి అనేవారు. నేను చూడలేదు, పట్టుకున్నాను. ధర్మం కోసం కలం పట్టానని చెబితే మీరు నమ్మేస్తారు, కానీ అది అబద్ధం. నా బుర్రలో తిరిగింది వేరు. పెద్ద పట్నాల ధరవరల్లో కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు వేసేవారు. నేను ఇన్నాళ్ళూ ఒక్కటే పంపుతున్నాను. రెండు పంపితే ఒక లైను పెరుగుతుంది. లైనుకు రెండు నయా పైసలు. ఇరవై రెండూ నిజమే, ఇరవై ఆరూ నిజమే. ఇరవై రెండు రైతుకు తెలుసు, ఇరవై ఆరు మండీకి తెలుసు. అందరికీ తెలిసిందే కదా, ఇందులో రహస్యం ఏముంది? అంగట్లో పెరిగినవాడు తప్ప ఇంకెవరూ ఇలా ఆలోచించలేరు. వేరుశనగ బస్తా, కనిష్ఠం 22, గరిష్ఠం 26. కవరు అంటించి రైలు టపాకు ఇచ్చాను.

మూడో రోజు పత్రిక వచ్చింది. రెండు లైన్లూ వేశారు. టేపు తీసి కొలుచుకున్నాను కూడా.

నాలుగో రోజు పొద్దున్నే మండీ నుంచి కబురు. నన్నూ నాయననూ ఇద్దర్నీ రమ్మన్నారు. పోయేసరికి మండీ ముందు నాలుగైదు బండ్లు ఉన్నాయి, ఒక్క బస్తా కూడా దించలేదు. తొమ్మిది బస్తాలు అమ్మిన ఆయన కూడా ఉన్నాడు, ఈసారి బండి లేకుండా. వాళ్ళ ఊరి బడి పంతులు పత్రిక తెప్పిస్తాడట. ఆ మడత ఆయన చేతిలో ఉంది. మమ్మల్ని చూసి దారి ఇచ్చాడు.

లోపల యజమాని గద్దె మీద కూర్చొని ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. కాఫీ తెప్పించాడు. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది. మా వాళ్ళు కాఫీ తెప్పించారంటే సంగతి చెయ్యి దాటిందని అర్థం.

"ఆ పొద్దు తువ్వాలు కింద ఉండే చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, మిల్లోళ్ళకు తెలుసు" అన్నాడు. "దాన్ని ఇంక మాట్లాడను. అచ్చు తప్పు అని ఒక ముక్క రాసి పంపించు. ఇరవై రెండు అనాల్సింది ఇరవై ఆరు పడినాది అని. అంతే."

సవరణ అంటే అర అంగుళం. ఆరు నయా పైసలు. నేను అప్పటికే ఒప్పుకునే మూడ్‌లో ఉన్నాను. నాయన బతుకు ఆ మండీలో ఉంది, నా అప్పు ఆ గద్దె కింద ఉంది. కానీ మొదటి మాటకు ఒప్పుకుంటే మా ఇంటి పుట్టుకే కాదు కదా. నోరు నా మాట వినకుండా, నాకేమొస్తాది మామా అంది. ఒక ఏడాది వడ్డీ వదులుకుంటా అన్నాడు. వడ్డీ సరే, అసలు సంగతి అన్నాను.

ఆయన నవ్వి, నాయన భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద వేశాడు. నా మూడు వేళ్ళు పట్టుకున్నాడు. మూడు వందలు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అయిదు వేళ్ళు. నేను ఆయన అయిదూ పట్టి, మళ్ళీ మూడు పట్టాను. ఎనిమిది. ఆయన అయిదు, రెండు. ఏడు దగ్గర కుదిరింది. ఒక అర అంగుళానికి ఏడు వందల రూపాయలు. భూమ్మీద ఏ విలేకరికీ అంత పలికి ఉండదు. నాకు గర్వంగా అనిపించింది. ఇది రాయడానికి ఇప్పుడు చెయ్యి కదలడం లేదు కానీ, అనిపించిన మాట నిజం.

తువ్వాలు తీసి నాయన భుజం మీద వేస్తూ ఆయన, "పదకొండు నూర్లలో ఏడు పోతే నాలుగు. నాలుగు నూర్లు నిదానంగా కట్టుకో" అన్నాడు.

"పదకొండేమి మామా, పదైదు గదా" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు, నాయన ముఖం చూశాడు. "చెప్పలేదా బావా?" అన్నాడు. తర్వాత నాతో అన్నాడు: "బస్తాకు నాలుగు తీస్తాంటే అందులో రూపాయి మీ నాయనది. ఆయప్ప చేతికి తీసుకోడు, నీ అప్పులో కోయమంటాడు. ఈ సీజన్లో నాలుగు నూర్ల బస్తాలు అయినాయి. నీ అప్పు యాడ తీరుతాండాదనుకుంటివి? నీ అంగుళాలతోనా?"

 గోరుచుట్టు మీద రోకటిపోటు అని సామెత ఉంది. గోరుచుట్టు నాయనది, రోకలి నాకు తగిలింది. గంజి కేంద్రంలో ముంతలు పట్టుకొని నిలబడ్డవాళ్ళ గురించి పద్నాలుగు అంగుళాలు రాశాను కదా. వాళ్ళ ఊళ్ళ నుంచి వచ్చిన బస్తాల్లోంచి, రూపాయి రూపాయిగా, నా డిప్లొమా అప్పు తీరుతోంది. మద్రాసు హాస్టల్లో నేను తిన్న ఏడాది అన్నం వాళ్ళు కడుతున్నారు. తలెత్తి నాయనను చూశాను. ఆయన నిమ్మకాయ వేలు వంకే చూసుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళు అని నేను అరుగు మీద చెప్పిన లెక్క ఆయన మరచిపోలేదు. ఆ తొమ్మిదిని కోయడానికి ఆయనకు తెలిసిన కత్తి ఒక్కటే.

అప్పుడు గుమ్మంలోంచి ఆ తొమ్మిది బస్తాల ఆయన పిలిచాడు. నన్ను కాదు, యజమానిని కాదు. నాయననే. "అన్నా, నువ్వు ముప్పై ఏండ్లుగా ఈడ ఉండావు. ఇది అచ్చు తప్పంటాండారు. నువ్వు చెప్పు. తప్పంటే మేము బండ్లు దించుకుంటాము, మళ్ళా అడగము."

యజమాని తన కాఫీ అందుకున్నాడు. తను చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, తప్పని చెప్పు నాయనా అని నేను లోపల మొక్కుకుంటున్నాను. ఏడు వందల బేరం ఇంకా నా వేళ్ళ మీద వెచ్చగానే ఉంది.

 నాయన నిదానంగా అన్నాడు: "తప్పు గాదప్పా. ఇరవై ఆరే."

యజమాని లేచాడు. బావా, ఏమి మాట్లాడుతాండావో తెలుసా అన్నాడు.

"తెలుసు. పదైదు నూర్లు పోసి కొనిన చదువు అది. వాడు రాసింది గూడా అబద్ధమే అంటే, ఇంక నేను ఏం సరుకు కొన్నట్టు?"

అంతే అన్నాడు. అది నీతి కాదు, మా అంగళ్ళ వాళ్ళ లెక్క. కొన్న సరుకును నకిలీ అని కొన్నవాడి నోటితోనే చెప్పించలేరు. మండీ యజమానికి ఆ లెక్క నాకంటే బాగా తెలుసు. అందుకే వాదించలేదు. తువ్వాలు అక్కడ పెట్టి పొమ్మన్నాడు. నాయన పెట్టాడు. ఆ రోజు మండీలో వేరుశనగ ఇరవై అయిదున్నర పలికింది.

తర్వాత జరిగినవి త్వరగా చెబుతాను. తువ్వాలు కింది మాట బయట పెట్టిన చేతిలో ఇంకెవరూ చెయ్యి పెట్టరు. నాయనకు అనంతపురంలోనే కాదు, గుంతకల్లు మండీలో కూడా పని దొరకలేదు. బస్టాండు దగ్గర బొరుగుల అంగడి పెట్టుకున్నాడు. పదకొండు వందలూ ఒకేసారి కట్టమన్నారు. నేను పోయి కాళ్ళ బేరానికి దిగి, నెలకు ఇరవైకి ఒప్పించాను. సవరణ రాస్తే ఏడు వందలు ఇప్పటికీ ఉంటాయని యజమాని ఇంకోసారి కబురు చేశాడు. రెండు రాత్రులు ఆలోచించి, రాయనన్నాను. నన్ను మెచ్చుకోకండి. నాయన ఆ మాట అనకపోయి ఉంటే రాసి ఉండేవాణ్ణి. హెడ్డాఫీసు నుంచి సబ్ ఎడిటర్ కార్డు వచ్చింది. ఏదో అభినందన అనుకొని బొరుగుల అంగట్లో గట్టిగా చదివాను. "ధరవరలు ఇకపై ఒక లైనులోనే పంపండి. కనిష్ఠ గరిష్ఠాలకు స్థలం చాలదు." వారం తిరక్కముందే ఇరవై అయిదున్నర కూడా మెల్లగా ఇరవై నాలుగుకు దిగింది. రాసినంత మాత్రాన లోకం మారిపోతుందని మీ కోర్సులో చెబితే, ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత కొన్నేళ్ళకు నాకు డెస్కులో జీతం ఉద్యోగం దొరికింది. మండీ అప్పు తీరింది. అందరూ ఉద్యోగంలో స్థిరపడ్డాక పెళ్ళి చేసుకుంటే, నేను అప్పు తీరాక చేసుకున్నాను.

కానీ మండీ అప్పు ఒక్కటే అప్పు కాదు. నాలుగు వందలు తరిగిందంటే అవి నాలుగు వందల బస్తాల వాళ్ళవి. పేర్లు తెలియవు. తెలిసింది ఒక్క మనిషి, ఆ తొమ్మిది బస్తాల ఆయన.

నాయన మండీ వదిలిన ఆ వారమే, రిటైనరు రాగానే, పెదనాయన దగ్గర ఇంకొంత చేబదులు తీసుకొని గార్లదిన్నె బస్సు ఎక్కాను. నాయన చెప్పిన గుర్తులతో అక్కడి నుంచి నాలుగు మైళ్ళు నడిచి ఆయన ఊరు చేరాను. ఆయన ఇంటి ముందు నాగజెముడు మట్టలు మంటలో కాల్చి ముళ్ళు తీసి, ఎద్దులకు తరుగుతున్నాడు. ఆ ఏడు పశువుల మేత అదే. నన్ను చూసి గుర్తుపట్టి, చాప వేశాడు. నేను డబ్బు తీసి ముందు పెట్టాను. ముప్పై ఒకటిన్నర.

ఆయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టి, "తొమ్మిది నాలుగ్లు ముప్పై ఆరు గదప్పా" అన్నాడు.

నేను బస్తాకు అర్ధ రూపాయి మండీ మామూలు పట్టుకొని తెచ్చాను. పాపం కడుక్కోవడానికి పోయినవాణ్ణి కూడా తరుగు తీశాను. అది కావాలని చేసింది కాదు, చెయ్యి దానంతట అదే చేసింది. మిగతా నాలుగున్నర తీసి ఇచ్చాను. ఆయన పంచె కొసన ముడి వేసుకున్నాడు. కుండలోంచి ముంతెడు నీళ్ళు ఇచ్చాడు. ఆ ఊరికి నీళ్ళు రెండు మైళ్ళ అవతల నుంచి తెచ్చుకుంటున్నారని అప్పటికి నాకు తెలుసు. సగం తాగి ముంత తిరిగి ఇచ్చాను.

ఇక లేస్తుంటే ఆయన కొడవలి పక్కన పెట్టి తనూ లేచాడు. "మా ఊరి నుంచి ఈ సీజన్లో ఇంకా పదకొండు బండ్లు పోయినాయి" అన్నాడు. "ఇండ్లు చూపిస్తా, రా."

నా జేబులో బస్సు చార్జీ తప్ప ఏమీ లేదు. ఆ మాట ఆయనతో అనాలని నోరు తెరిచాను. ఆయన అప్పటికే ముందు నడుస్తున్నాడు. నేను వెనకే నడిచాను. మొదటి ఇంటి ముందు ఆగి ఆ ఇంటాయనను బయటికి పిలిచి, ఈ ఏడు మండీకి ఎన్ని బస్తాలు తోలినావని అడిగాడు.

పదమూడు అన్నాడు ఆయన.

నేను నోటుబుక్కు తీసి, పదమూడు అని రాసుకొని, ఆయన పేరు అడిగాను.